అద్దంలో తిప్పిన ప్లాన్

ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని తుర్కయంజాల్ దాటి ఇబ్రహీంపట్నం వైపు పోతుంటే మన్నెగూడ వస్తుంది. ఇంకాస్త ముందుకు పోతే బొంగుళూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు, ఓ పక్కకు తిరిగితే ఆదిబట్ల. అక్కడికి విమాన భాగాల కర్మాగారాలు, సాఫ్ట్‌వేర్ కంపెనీ వచ్చాక ఈ చుట్టుపక్కల చేన్లన్నీ హద్దురాళ్ళు పాతిన ప్లాట్లయ్యాయి. 150 గజాలు, 167 గజాలు, 200 గజాలు. చిన్న బిల్డర్లు అందులో ఇండిపెండెంట్ ఇళ్ళు, డూప్లెక్సులు కట్టి అమ్ముతారు. అడిగినవాళ్ళ చేతిలో రెండు కాగితాలు పెడతారు: ఈస్ట్ ఫేసింగ్ ఒకటి, వెస్ట్ ఫేసింగ్ ఒకటి. తేడా ఏమిటని అడిగితే, "సేమ్ ప్లాన్ సార్, తిప్పి వేసినం" అంటారు.

ఆ మాట చాలావరకు నిజమే. వంటగదిని ఆగ్నేయంలో, పెద్ద బెడ్‌రూమును నైరుతిలో నిలబెట్టడానికి ఎంత సర్దాలో అంత సర్దుతారు. రోడ్డు వైపు ఎలివేషన్, ముందు హాల్లో పెద్ద అద్దం, కిటికీల కొలతలు, సజ్జల వెడల్పు, బాల్కనీ పొడవు మాత్రం అద్దంలో చూసినట్టు అటుది ఇటు చేస్తారు. కాగితం మీద ఇందులో తప్పేమీ కనిపించదు.

కొనేవాళ్ళు ఇక్కడే మార్పులు మొదలుపెడతారు. పూజగది ఇంకాస్త పెద్దది, హాలుకూ వంటింటికీ మధ్య గోడ వద్దు, బాల్కనీ రెండడుగులు బయటికి, కింద కూడా ఒక అటాచ్డ్ బాత్రూం. బిల్డర్ కొన్నిటికి తల ఊపుతాడు, కొన్నిటికి ఎక్స్‌ట్రా అంటాడు, కొన్నిటికి కుదరదంటాడు. ఆ ఊపులోనూ కుదరకపోవడంలోనూ ఆయన బేరం కొంత ఉంటుంది. మిగతాదంతా బరువు, నీరు, ఎండ ఎటు నడుస్తాయన్న దానిమీద ఉంటుంది. నా మట్టుకు, అడుగుతున్న మార్పుల్లో సగం ఇంటికి పెద్దగా పట్టనివి. అడగాల్సినవి అడిగేవాళ్ళు అరుదు.

ముందు బరువు సంగతి. 1914లో లె కార్బూజియే అనే వాస్తుశిల్పి ఒక బొమ్మ గీశాడు: ఆరు స్తంభాలు, మూడు పలకలు, ఒక మెట్ల వరస. గోడలే లేవు. దానికి డొమినో అని పేరు పెట్టాడు. ఇంటి బరువంతా స్తంభాలే మోస్తే గోడలు ఎక్కడ కావాలంటే అక్కడ కట్టుకోవచ్చు, లేకుంటే మానేయవచ్చు అన్నది దాని సారం. మన్నెగూడలో ఇవాళ లేస్తున్న ప్రతి ఇల్లూ ఆ బొమ్మకు వారసుడే. ముందు పిల్లర్లు, బీములు, స్లాబు; ఆ తర్వాత ఇటుక. అందుకే హాలు, వంటింటి మధ్య గోడ తీసేయమంటే మేస్త్రీ కంగారుపడడు. అది మోస్తున్నదేమీ లేదు, తన బరువు తప్ప.

ఆ తన బరువుతోనే చిక్కు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, పదడుగుల ఎత్తు, రెండు వైపులా ప్లాస్టరింగుతో కలిపి లెక్క వేస్తే అడుగు పొడవుకు సుమారు 250 కిలోలు. పదడుగుల గోడంటే రెండున్నర టన్నులు. ఇళ్ళలో మనుషులు, మంచాలు, బీరువాలన్నిటికీ కలిపి భారతీయ ప్రమాణం చదరపు మీటరుకు 200 కిలోలు లెక్కపెట్టమంటుంది. మీరు పైఅంతస్తులో బెడ్‌రూం గోడను మూడడుగులు జరిపితే, కింద బీము ఉన్నచోటు నుంచి ఆ రెండున్నర టన్నులూ ఐదంగుళాల స్లాబు నడిమధ్యకు వస్తాయి. గోడ తీసేయడం సులువు, జరపడం కష్టం అని మేస్త్రీలు చెప్పేది ఇందుకే. తప్పనిసరిగా జరపాల్సి వస్తే అక్కడ ఏఏసీ బ్లాకులు వాడితే బరువు సగానికి తగ్గుతుంది. 1920ల్లో స్వీడన్‌లో యోహాన్ ఆక్సెల్ ఎరిక్సన్ తయారుచేసిన ఈ బ్లాకులో సింహభాగం గాలి గదులే. అయినా స్లాబు డిజైన్ చేసిన ఇంజినీరు సంతకం లేకుండా ఆ పని చేయించకండి.

బాల్కనీ దగ్గర ఈ లెక్క మరింత పదునెక్కుతుంది. గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన దూలం ఎక్కడ విరుగుతుందో మొదట ఆలోచించి 1638లో పుస్తకంగా అచ్చువేసినవాడు గెలీలియో. అప్పటికి ఆయన ఇంట్లో నిర్బంధంలో ఉన్నాడు, చూపు పోయింది. లెక్కలో ఒకచోట పొరబడ్డాడు గానీ పట్టుకున్న దారి సరైనదే: బయటికి చాచిన బరువు దూలాన్ని గోడ మొదట్లో వంచుతుంది, పొడవు పెరిగేకొద్దీ ఆ వంపు ఇంకా వేగంగా పెరుగుతుంది. మూడడుగుల బాల్కనీని ఐదడుగులు చేశారనుకోండి. స్లాబు సొంత బరువు వల్ల గోడ దగ్గర పడే వంపు బలం పొడవు వర్గాన్ని బట్టి పోతుంది గనుక దాదాపు 2.8 రెట్లు అవుతుంది. కొస కిందికి జారే కొలత పొడవు నాలుగో ఘాతాన్ని బట్టి పోతుంది. అది ఏడు రెట్లు దాటుతుంది. "రెండడుగులే కదా" అన్న మాటలో దాగింది ఇది. పైగా గదిలోని స్లాబుకు నడుమ ఇనుము అడుగున ఉండాలి, బాల్కనీకి పైన ఉండాలి. కాంక్రీటు పోసేరోజు పనివాళ్ళు ఆ పై కడ్డీల మీదే నడుస్తారు. తొక్కిడికి కడ్డీలు అడుగుకు దిగిపోతే, లోపల ఇనుము ఉండి కూడా లేనట్టే. బాల్కనీ పొడిగించమని అడిగినవాళ్ళు స్లాబు పోసేరోజు సెలవు పెట్టి అక్కడ నిలబడటం మంచిది.

పిల్లర్ల మీద ఇనుప కడ్డీలు ఆకాశంలోకి నిక్కపొడుచుకుని ఉన్న ఇళ్ళు ఈ రోడ్డు పొడవునా కనిపిస్తాయి. తర్వాత ఇంకో అంతస్తు వేసుకుందామన్న ఆశ అది. కడ్డీలు వదిలినంత మాత్రాన పునాది ఆ అంతస్తును మోస్తుందని కాదు. ఫుటింగుల సైజు మొదటిరోజే ఆ లెక్కతో వేసి ఉండాలి. ఇక్కడి నేల చాలాచోట్ల గట్టిది, రెండువందల యాభై కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు, దానిమీద అరిగి పొడైన మొరం. సంపు తవ్వేవాడికి అది శత్రువు, పునాదికి చుట్టం. చెరువుల వాలులో నల్లరేగడి తగిలితే మాత్రం కథ వేరు. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు లాంటివి ఉన్న ప్రాంతంలో ఆ సంగతి ప్లాటు ప్లాటుకూ చూసుకోవాలి.

నీటి దగ్గర బేరాలు ఇంకా తక్కువ సాగుతాయి. కుళాయి నీరు ఒత్తిడితో వస్తుంది గనుక ఎటు వంచితే అటు పోతుంది. వాడిన నీరు వాలు ఉంటేనే పోతుంది. లెట్రిన్ పైపుకు నలభై అడుగులకు ఒక అడుగు వాలు ఇవ్వడం వాడుక. బాత్రూమును పైపులు దిగే డక్టు నుంచి పన్నెండు అడుగుల దూరం జరిపితే ఆ వాలుకే మూడున్నర అంగుళాలు పైన పోతుంది. దానికి నాలుగంగుళాల పైపు, ట్రాపు, పైన టైల్సు కలపండి. అందుకే బాత్రూము కింద స్లాబును తొమ్మిది నుంచి పన్నెండు అంగుళాలు కిందికి దించి పోస్తారు, సంకెన్ స్లాబ్ అని. సెంట్రింగ్ వేసేటప్పుడే ఆ దించుడు ఉండాలి. స్లాబు పోశాక బాత్రూం జరపాలంటే మిగిలే దారి అక్కడ గచ్చును ఒక మెట్టంత ఎత్తడమే. వయసు మళ్ళినవాళ్ళు రాత్రిపూట తన్నుకుని పడేది ఆ మెట్టుకే.

పైఅంతస్తు బాత్రూము కింది బాత్రూము మీదే ఎందుకుంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఇల్లంతా కంపు కొట్టకుండా కాపాడే వంపు పైపు కూడా ఈ కట్టడికే లోబడుతుంది. 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల పనివాడు లండన్‌లో పేటెంట్ తీసుకున్న వంపు అది. ఆ వంపులో నిలిచే రెండంగుళాల నీరే మురుగు గాలికి మూత. పైపు మరీ పొడవై, గాలి గొట్టం లేకపోతే పై నుంచి దూకే నీరు ఆ మూతను కూడా వెంట లాక్కుపోతుంది. కొత్త ఇంట్లో వాసన వస్తోందంటే ఫినాయిల్ కంటే ముందు వెంట్ పైపు ఉందో లేదో చూడండి.

ఇక ఎండ. ఈ అధ్యాయం రాయడానికి అసలు కారణం ఇదే.

మన్నెగూడ భూమధ్యరేఖకు ఉత్తరాన పదిహేడుంపావు డిగ్రీల దగ్గర ఉంది. సూర్యుడు ఏటా ఉత్తరాన ఇరవై మూడున్నర డిగ్రీల దాకా ప్రయాణిస్తాడు గనుక మన నెత్తిమీదుగా రెండుసార్లు దాటిపోతాడు. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఒకసారి. 2023లో హైదరాబాద్‌లో ఈ శూన్యచ్ఛాయ దినం గురించి పత్రికలు బాగా రాశాయి. మే 9న మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు నిలువుగా పెట్టిన వస్తువుకు నీడ కనబడలేదు. ఆ రెండు తేదీల మధ్య దాదాపు మూడు నెలలు మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. అంటే మండే మే ఆఖర్లో దక్షిణపు గోడ మీద నడినెత్తి ఎండ పడనే పడదు. దక్షిణపు కిటికీ అంటే భయపడి చిన్నది చేయించుకునేవాళ్ళు ఈ ఒక్క ముక్క గమనిస్తే చాలు. మార్చి 21న కూడా మధ్యాహ్నం సూర్యుడు 73 డిగ్రీల ఎత్తున ఉంటాడు; రెండడుగుల సజ్జ గోడ మీద ఆరడుగులకు పైనే నీడ పరుస్తుంది. డిసెంబరులో సూర్యుడు 49 డిగ్రీలకు దిగినప్పుడు అదే సజ్జ నీడ రెండడుగుల చిల్లరకు కుంచించుకుపోతుంది, చలికాలపు ఎండ గదిలోకి వస్తుంది. ఇంతకంటే తెలివైన యంత్రం ఇంట్లో మరొకటి ఉండదు, కరెంటు లేకుండా, రిమోట్ లేకుండా.

పడమటి కిటికీకి ఈ సౌకర్యం లేదు. మే నెలలో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు సుమారు 35 డిగ్రీల ఎత్తున, దాదాపు సూటిగా పడమర నుంచి చూస్తాడు. రెండడుగుల సజ్జ అప్పుడిచ్చే నీడ అడుగున్నర కూడా లేదు. ఐదింటికి ముప్పాతిక అడుగు. నాలుగడుగుల కిటికీని నాలుగింటికి పూర్తిగా కప్పాలంటే ఆరడుగుల సజ్జ కావాలి. సజ్జకు అది పిచ్చి కొలత, వరండాకు మామూలు కొలత. మన పాత ఇళ్ళ ముందు గూనపెంకు చాయలో లోతైన అరుగులుండటం ఊరికే కాదు.

ఇప్పుడు ఆ తిప్పిన ప్లాన్ దగ్గరకు వద్దాం. ఎండ విషయంలో తూర్పు, పడమర అచ్చంగా జోడీ. ఉదయం ఎనిమిదింటికి తూర్పు అద్దం మీద పడినంత ఎండే సాయంత్రం నాలుగింటికి పడమటి అద్దం మీదా పడుతుంది. మరి తిప్పితే నష్టమేమిటి? గాలి ఆ జోడీకి లొంగదు. ఉదయం ఎనిమిదింటికి నేల, గోడలు, గాలి రాత్రంతా చల్లారి ఉంటాయి. మధ్యాహ్నం మూడు ప్రాంతంలో గాలి వేడి 40 డిగ్రీల దరిదాపులకు చేరి, ఇల్లు అప్పటికే కాగి ఉంటుంది; పడమటి ఎండ వచ్చి దానిమీద పడుతుంది. కాగితాన్ని తిప్పవచ్చు, రోజును తిప్పలేం.

వెస్ట్ ఫేసింగ్ ఇంట్లో ఇంకో ఇబ్బంది. మిగతా మూడు వైపులా పక్కింటి గోడలు మీటరు, రెండు మీటర్ల దూరంలో నిలబడి నీడ ఇస్తాయి. రోడ్డు ఉన్న పడమర ఒక్కటే బార్లా తెరిచి ఉంటుంది. ఎలివేషన్ అందంగా ఉండాలని పెద్ద అద్దం పెట్టేది సరిగ్గా అటే. ఆరడుగులు, ఐదడుగుల మామూలు అద్దంలోంచి నాలుగింటికి లోపలికి వచ్చే వేడి సుమారు 1,300 వాట్లు. సాయంత్రమంతా హాల్లో ఇస్త్రీపెట్టె ఆన్‌లో పెట్టి వదిలేసినట్టు. టన్నున్నర ఏసీ శక్తిలో నాలుగో వంతు దానికే పోతుంది. దళసరి కర్టెన్ వేస్తే? వెలుగు ఆగుతుంది, వేడి పెద్దగా ఆగదు. అద్దం దాటి వచ్చిన ఎండకు కర్టెన్ కాగుతుంది, కాగిన కర్టెన్ వదిలే పరారుణ వేడిని అద్దం బయటికి పోనివ్వదు. అడ్డు ఏదైనా అద్దానికి అవతలే ఉండాలి. నిలువు రెక్కలు, జాలీ, బయట చెక్క తడిక, ఓ వేపచెట్టు ఏదైనా సరే. వెస్ట్ ఫేసింగ్ కొనేవాళ్ళు బిల్డర్‌ను అడగాల్సిన మొదటి మార్పు ఎలివేషన్ అద్దం తగ్గించి, ముందు సిటౌట్‌ను ఆరడుగుల లోతుకు తేవడం. టైల్స్ రంగు గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు. పడమరను మొత్తం మూసేయమని నేననను. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ వీచేది పడమటి గాలే. ఎండను ఆపి గాలిని వదిలేది జాలీ.

గోడలు ఎండను అద్దంలా వెంటనే లోపలికి పంపవు, దాచుకుని ఆలస్యంగా పంపుతాయి. వేడి ఘనపదార్థంలో ఎలా నడుస్తుందో లెక్కగట్టిన జోసెఫ్ ఫూరియే తన పుస్తకాన్ని 1822లో అచ్చు వేశాడు. నెపోలియన్ వెంట ఈజిప్టు వెళ్ళొచ్చిన ఆ మనిషికి ఆ ఎడారి వేడి తర్వాత పారిస్ ఎప్పుడూ చలిగానే అనిపించేదంటారు. ఆయన సమీకరణంలో మన తొమ్మిదంగుళాల ఇటుక గోడను పెడితే, బయటి వేడి పతాకస్థాయి లోపలికి చేరడానికి ఏడు గంటలు పడుతుంది. సాయంత్రం నాలుగింటికి కాగిన పడమటి గోడ రాత్రి పదకొండింటికి లోపలివైపు కాగుతుంది. ఆ గోడకు తల ఆనించి పడుకునేది ఎవరు? నైరుతి బెడ్‌రూములో ఇంటి పెద్దలు.

వాస్తుతో నేను పోట్లాడను. ఈ రోడ్డు మీద ఇల్లు తిరిగి అమ్మాలన్నా ఆ పేచీ పనికిరాదు. మాస్టర్ బెడ్‌రూం నైరుతిలోనే ఉండనివ్వండి. ఆ గది పడమటి గోడ నిండా వార్డ్‌రోబ్ పెట్టించండి. రెండడుగుల లోతున బట్టలు, వాటి మధ్య కదలని గాలి. వేడికి ఇంతకంటే మంచి అడ్డు సగటు ఇంట్లో దొరకదు. నైరుతిలో బరువు ఉండాలనే సిద్ధాంతికీ ఇది నచ్చుతుంది. చాలా ప్లాన్లలో వార్డ్‌రోబ్ లోపలి గోడకు ఉంటుంది, మంచం తల పడమటి గోడకు. ఈ రెంటినీ మార్చడానికి పైసా ఖర్చు లేదు, స్విచ్ బోర్డుల చోట్లు మారతాయంతే. ఆ ఒక్క గోడను ఏఏసీ బ్లాకుతో కట్టించగలిగితే ఇంకా మేలు. మామూలు ఇటుకతో పోలిస్తే అది వేడిని నాలుగో వంతే పోనిస్తుంది.

నెత్తిమీద స్లాబు గోడ కంటే పెద్ద దొంగ. మేలో నడిమధ్యాహ్నం చదరపు మీటరుకు దాదాపు వెయ్యి వాట్లు దానిమీద పడతాయి, మూడు నాలుగు గంటల్లో లోపలికి దిగుతాయి. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 600 గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టే ఇళ్ళకు తప్పనిసరి, తక్కువవాటికి ఇష్టాన్ని బట్టి. అంటే మన్నెగూడ డూప్లెక్సులకు అడిగేవాడు లేడు, మీరే అడగాలి. తెల్లటి పూతో, తెల్ల పింగాణీ ముక్కలో వేస్తే పడిన ఎండలో ఎక్కువ భాగం అట్నుంచటే తిరిగిపోతుంది. స్లాబు పైన కొంచెం ఎడంగా ఇంకో పందిరి వేయడం అంతకంటే మేలైన ఉపాయం. హైదరాబాద్‌లోనే, ఈసీఐఎల్ కార్యాలయానికి 1960ల్లో వాస్తుశిల్పి చార్లెస్ కొరియా ఆ పని చేశాడు.

200 గజాల ప్లాటు 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు. కిటికీలోంచి వచ్చే పగటి వెలుగు కిటికీ పై అంచు ఎత్తుకు రెండు, రెండున్నర రెట్ల దూరమే సరిగా పాకుతుంది, అంటే ఏడడుగుల లింటెల్‌కు పదిహేను అడుగులు. ముందూ వెనకా అంత తీసేస్తే నడుమ మిగిలేదంతా పగలే లైటు వేసుకోవాల్సిన చోటు. ప్లానులో ఓటీఎస్ అని చిన్న చదరం, ఆకాశం కనిపించే ఖాళీ, గీసి ఉండేది దీనికే. కొనేవాళ్ళు మొదట మింగేది దాన్నే: స్టోర్ రూం చేయండి, పూజగదిలో కలపండి అని. తెలంగాణ భవంతి ఇళ్ళలో నడుమ వదిలిన వాకిలి కుంచించుకుని కుంచించుకుని మిగిలిన ముక్క అది. దాన్ని పెంచమని అడగాలి గానీ మూయమని కాదు. మెట్ల గది నెత్తిన తెరుచుకునే కిటికీ ఒకటి పెట్టిస్తే డూప్లెక్సులో వేడిగాలి దానంతటదే పైకి పోతుంది. దీని బలం గాలివాటు కంటే తక్కువే, అయినా గాలాడని మే రాత్రుల్లో ఉండేది అదొక్కటే.

మెట్ల గురించి ఒక్క మాట. రెండు మెట్ల ఎత్తు, ఒక మెట్టు వెడల్పు కలిపితే మనిషి అడుగు దూరానికి సరిపోవాలని పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్స్‌వా బ్లాండెల్ అనే వాస్తుశిల్పి పెట్టిన కొలత ఇప్పటికీ నడుస్తోంది. సుమారు 24 అంగుళాలు. ఏడంగుళాల ఎత్తు, పదంగుళాల వెడల్పు దానికి సరిపోతాయి. ఎనిమిది, తొమ్మిది పెడితే బిల్డర్‌కు దాదాపు మూడడుగుల చోటు మిగులుతుంది, మీ అమ్మగారికి మోకాళ్ళు మిగలవు.

చట్టం దగ్గర ఒక సందు ఉంది, తెలుసుకోవాలి. 2016 నాటి రెరా చట్టం పద్నాలుగో సెక్షన్ ప్రకారం అనుమతి పొందిన ప్లానును కొన్నవాళ్ళ ఒప్పుదల లేకుండా మార్చకూడదు; ఇల్లు అప్పగించిన ఐదేళ్ళలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరే తన ఖర్చుతో సరిచేయాలి. కానీ 500 చదరపు మీటర్లు దాటని స్థలంలో కట్టేవాటికి ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ లెక్కన సుమారు 600 గజాల లోపు. లేఅవుట్‌లో ఒక్కో ప్లాటు కొని ఒక్కో ఇల్లు కట్టే చిన్న బిల్డర్ దానికి బయటే ఉంటాడు. గేటెడ్ కమ్యూనిటీ విల్లాకు ఉన్న కాపు మీ 200 గజాల ఇంటికి లేదు. నోటిమాట మీద జరిగిన మార్పులన్నీ అగ్రిమెంటుకు జతచేసిన ప్లానులో ఎర్ర ఇంకుతో గీసి, ఇద్దరూ సంతకాలు పెట్టడం ఒక్కటే దారి. అనుమతి ప్లానుకూ కట్టిన ఇంటికీ తేడా వస్తే బ్యాంకు లోనుకూ తర్వాత అమ్మకానికీ అడ్డుపడేది మీకే.

డచ్ వాస్తుశిల్పి జాన్ హబ్రాకెన్ 1961లో ఇంటిని రెండుగా విడదీశాడు: తరాలపాటు నిలిచే మోత భాగం ఒకటి, ఉండేవాళ్ళు మార్చుకునే లోపలి భాగం ఒకటి. మార్పుల జాబితా పట్టుకుని బిల్డర్ దగ్గరకు వెళ్ళేముందు దాన్ని అలాగే చీల్చండి. పిల్లర్లు, బాత్రూం డక్టు, మెట్లు, ఓటీఎస్, పై అంతస్తు ఆశ ముగ్గు పోయకముందే తేలాలి. సజ్జలు, కిటికీ కొలతలు లింటెల్ దాకా ఆగుతాయి. బాల్కనీ, సంకెన్ స్లాబు సెంట్రింగ్ రోజుతో సరి. వార్డ్‌రోబ్, స్విచ్ బోర్డులు ప్లాస్టరింగ్ ముందురోజు దాకా జరపవచ్చు. ప్లాస్టరింగ్‌కు ముందు ప్రతి గోడనూ టేపు ఆనించి ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి, పైపులూ వైర్లూ కనిపించేటట్టు. ఆఖరి వాయిదా కట్టేముందు స్ట్రక్చరల్ డ్రాయింగ్ అడిగి తీసుకోండి. పదేళ్ళ తర్వాత పైన ఇంకో అంతస్తు వేయాలన్నప్పుడు ఇంజినీరు మొదట అడిగే కాగితం అదే.